అడ్డపొగ

రంగం నుంచి తిరిగొచ్చిన అప్పన్న చుట్ట మానేశాడు. ఈ మాట చెబితే మా ఉద్దానంలో ఎవరూ నమ్మరు. ఇక్కడ సముద్రపు గాలి వెలిగించిన చుట్టను నిమిషం నిలవనివ్వదు. అందుకే ఆడా మగా నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి, పెదవులు బిగించి, లోపలే కాల్చుకుంటారు. దాన్ని అడ్డపొగ అంటారు. పరాయివాడు చూస్తే గుడ్లు తేలేస్తాడు గానీ మాకది అన్నం తినడమంత మామూలు. అప్పన్నకి మీసాలు రాకముందే వాళ్ళమ్మ నేర్పింది. అలాంటివాడు, బారువ రేవులో దిగి ఇల్లు చేరిన రోజున పెళ్ళాం ధనమ్మ చుట్ట వెలిగించి చేతికిస్తే, పామును చూసినట్టు వెనక్కి జరిగాడు.

అప్పట్నుంచీ గోడకి వీపు ఆనించి గాని కూర్చోడు. ఎవరైనా కత్తితో కొబ్బరికాయ కొడితే ఉలిక్కిపడి లేచి నిలబడతాడు. జ్వరమేమో అనుకుని ధనమ్మ మిరియాల కషాయం కాచి పోసింది. భయానికి కషాయమేం చేస్తుంది?

బర్మాలోని రంగూన్ పట్నాన్నే మావాళ్ళు రంగం అంటారు. ఆ రోజుల్లో రంగం ఓడ ఎక్కని ఇల్లు మా వైపు వెతికినా దొరికేది కాదు. అప్పన్న దొంగచాటుగా పోలేదు. మేస్త్రీ పేరు రాసుకున్నాడు, డాక్టరు టీకా పొడిచాడు, టిక్కెట్టు పుచ్చుకుని సర్కారువారి కళ్ళ ముందే ఓడెక్కాడు. మూడేళ్ళు అక్కడి రేవులో బియ్యం బస్తాలు మోశాడు. పక్కనే మోసినవాడు గున్నయ్య, పక్క ఊరివాడు, ఒకే ఈడువాడు, నోరు తెరిస్తే "బావా" అని పిలిచేవాడు. ఇద్దరూ చట్టప్రకారం వెళ్ళినవాళ్ళే. చట్టం ఎంతమందినైనా రానిస్తుంది, ఆ ఊరివాడి కుండలో అన్నం మాత్రం పెరగదు కదా. ఆ సంగతి అక్కడున్నన్నాళ్ళూ అప్పన్నకి తోచలేదు. మనకైనా తోచేదా?

ఆ ఏడు వైశాఖంలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ళ బదులు బర్మావాళ్ళను పనిలో పెట్టుకున్నారు. తీరా సమ్మె తెగ్గానే మనవాళ్ళను మళ్ళీ పిలిచి, పొద్దున్నే అన్నం మూటలు కట్టుకుని పనికొచ్చిన బర్మావాళ్ళను ఇక పొమ్మన్నారు. ఆ మూటలు విప్పకుండానే వాళ్ళు తిరగబడ్డారు. వీధిలో తెలుగువాడు కనబడితే నరికారు.

అప్పన్నా గున్నయ్యా రెండు రోజులు ఒక గిడ్డంగిలో తవుడు బస్తాల వెనక దాక్కున్నారు. మూడో రోజు పొద్దున్న, వాళ్ళు రోజూ టీ తాగే దుకాణంలోని బర్మా ముసలమ్మ చాటుగా వచ్చి రెండు లుంగీలిచ్చింది. తలలకి వాళ్ళ వాటంలో గుడ్డలు చుట్టింది. వీధి చివర పోలీసు కాపలా ఉంది, అక్కడిదాకా నడవండి, పరుగెత్తకండి అంది. సగం దూరం బాగానే నడిచారు. మలుపులో పదిమంది కత్తులు పెట్టుకుని కూర్చున్నారు. అందులో ఒకడు ఇద్దరికీ చెరో చుట్టా వెలిగించి ఇచ్చాడు. మర్యాదకి ఇచ్చాడో పరీక్షకి ఇచ్చాడో ఇప్పటికీ తెలీదు. గున్నయ్య రెండు రోజులుగా పొగ ఎరగడు. రెండు దమ్ములు వాళ్ళలాగే నిప్పు బయటికి పెట్టి లాగాడు. మూడో దమ్ముకి ప్రాణం లేచొచ్చి కళ్ళు అరమూతలు పడ్డాయి, చుట్ట దానంతటదే తిరిగి నిప్పు నోట్లోకి పోయింది.

తిరుగు ఓడలో గున్నయ్య వాళ్ళన్న నూకయ్యకి అప్పన్న ఇంతవరకూ చెప్పాడు. నూకయ్య అక్కడే ఒక బియ్యం మిల్లులో పనిచేసి అదే ఓడలో వస్తున్నాడు. తమ్ముడెలా పోయాడని మూడు పగళ్ళు అడిగి అడిగి ఆ మాట రాబట్టుకున్నాడు. తర్వాత గుంపు మీద పడిందనీ, తాను ఎక్కడో వెనకబడిపోయాననీ చెప్పి అప్పన్న ముగించాడు. అది అబద్ధం. అప్పన్న పక్కనే ఉన్నాడు. గుంపులో ఒకడు గున్నయ్య భుజం పట్టుకుని, వీడు నీతో వచ్చినవాడేనా అని అప్పన్నని సైగతో అడిగాడు. గున్నయ్య కూడా అప్పన్న వైపే చూశాడు. అప్పన్న కాదని తల ఊపాడు. తల ఊపి, చుట్ట నిప్పు బయటికి పెట్టుకుని, పరుగెత్తకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వెనక నుంచి "బావా" అన్న పిలుపు ఒక్కసారి వినబడింది.

ఈ సంగతి నూకయ్యకి తెలిస్తే బతకనివ్వడని అప్పన్న భయం. తెలియకపోయినా బతకలేకపోతున్నాడు, అది వేరే సంగతి.

ప్రాణాలు దక్కించుకుని ఊళ్ళకి చేరినవాళ్ళకి గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకొకటి ఎదురైంది. ఊడ్పుల కాలం, పొలాల నిండా మనుషులు, అందులో సగం పైవాళ్ళు. పర్లాకిమిడి ఎగువన రెండేళ్ళు వరసగా వానల్లేక అక్కడి జనం పిల్లాజెల్లాతో దిగొచ్చారు. వాళ్ళూ దొంగచాటుగా రాలేదు. పూండి దగ్గర పెద్ద రైతు వైకుంఠరావు తన చేత్తో చీటీలు రాసిచ్చి పిలిపించి, తన కొబ్బరితోటలో పాకలు వేసుకోనిచ్చాడు. మనవాళ్ళు రంగంలో ఉండగా నాట్లు వేసిందీ కోతలు కోసిందీ వాళ్ళే. తక్కువ కూలికి ఒప్పుకుంటారు, ఎదురు మాట్లాడరు. సగంమంది ఒడియా, సగంమంది తెలుగు మాట్లాడతారు. కొందరు రెండూ కలిపి మాట్లాడతారు.

అప్పన్న సొంత పశువుల కొట్టంలోనే ఒక జంట ఉంది, లోకనాథం, వాడి పెళ్ళాం రత్నాలమ్మ. కిందటేడు గాలివానకి ఇంటికప్పు లేచిపోయి, ధనమ్మ జ్వరంతో పడి ఉంటే, దారిన పోతున్న వీళ్ళే ఆగి కప్పు నేశారు, గంజి కాచి పోశారు. ఆమె బతికింది. అప్పట్నుంచీ లోకనాథం ఆమెకి తమ్ముడు. ఆ లెక్కన అప్పన్న వాడికి బావ. మొదటి రోజు వాడలా పిలిచేసరికి అప్పన్న ఒళ్ళు జలదరించింది. నా కొట్టంలో నన్నడక్కుండా వీణ్ణి ఎవరుండమన్నారని ధనమ్మ మీద ఎగిరాడు కూడా. నిజం చెప్పాలంటే వాడంటే అప్పన్నకి గిట్టలేదు. తనకి దొరకని పని వాడికి దొరుకుతోంది మరి.

ఒకనాడు పొద్దెక్కాక లోకనాథం పొలం నుంచి తిరిగొచ్చి కొట్టం ముందు కూలబడ్డాడు. రంగం నుంచి వచ్చినవాళ్ళు అడ్డం తిరిగి పైవాళ్ళను పొలంలో దిగనివ్వలేదట. ఒళ్ళో అన్నం మూట ముడి విప్పకుండానే ఉంది. అప్పన్న ఆ మూట వంక చూసి గబగబా ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు.

ఆ గొడవ మీద వైకుంఠరావు అరుగు దగ్గర పంచాయితీ పెట్టారు. నా భూమి, నాకు కావలసినంతమందిని పెట్టుకుంటానని ఆయన అన్నాడు. ఒక్కణ్ణీ ఉంచడానికి వీల్లేదని నూకయ్య, వాడి వెనకున్నవాళ్ళు అన్నారు. మనుషులు లేకపోతే నారు ముదిరిపోతుందని ఒక పెద్దమనిషి, యాభైమందిని ఉంచుదామన్నాడు. పది అన్నారు, నలభై అన్నారు, చేపల గంప బేరం చేసినట్టు పొద్దు వాలేదాకా చేసి చివరికి రోజుకి ఇరవైమంది అని తేల్చారు. ఆ ఇరవై ఎక్కడినుంచి ఊడిపడిందో ఎవరూ చెప్పలేరు. చేతివేళ్ళూ కాలివేళ్ళూ కలిపితే అంతే గనక అయ్యుంటుంది. తెల్లవారగానే పది ఊళ్ళ కూలీలు పూండి స్టేషను పక్క చింతతోపులో చేరతారు, రైతుల మనుషులు వచ్చి అక్కడే ఏరుకుంటారు. ఆ తోపులోకి పైవాళ్ళు ఇరవైమంది రావచ్చు. ఇరవయ్యొకటో వాడు రాకూడదు.

సంఖ్య తేలింది గానీ, పైవాడెవడో తేల్చేదెలా? పది ఊళ్ళవాళ్ళకి ఒకరి మొహం ఒకరికి తెలీదు, అందులోనూ మూడేసి నాలుగేసి ఏళ్ళు దేశంలో లేనివాళ్ళు. మాటబట్టి పోల్చుదామంటే సగంమంది పైవాళ్ళదీ తెలుగే. దానికి మందు నూకయ్య కనిపెట్టాడు. కాశీబుగ్గ సంతలో యాభై అరవైమంది చుట్టూ చేరగా చెప్పాడు. అప్పన్న ఆ గుంపు వెనకే ఉన్నాడు.

"సుట్ట ఎలిగించి సేతికిద్దాం. మనోడైతే నిప్పు నోట్లోకి తిప్పుతాడు. పైనోడైతే బయటకెడతాడు. రంగంలో నా తమ్ముణ్ణి ఇలాగే కదేటి పట్టీసినారు. ఇరవై దాటి దూరినోడ్ని మాత్తరం ఊరికే ఒగ్గీవొద్దు."

అందరి చేతుల్లోనూ కొబ్బరి కత్తులున్నాయి. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఓడలో ఏడ్చి చెప్పుకున్న మాట పెదవి దాటి, సముద్రం దాటి, సంతకొచ్చి నిలబడింది.

ఇంటికి పరుగున వచ్చి ధనమ్మకి చెప్పాడు, లోకనాథాన్ని పిలిచి ఈ పూటే ఎగువకి పొమ్మన్నాడు. వాడు కదల్లేదు. రత్నాలమ్మకి ఏడో నెల, అంత దూరం నడవలేదు. మూడు రోజులుగా పని లేదు, రేపు కూడా పోకపోతే పొయ్యి వెలగదు. ఇరవైలో ఒకడిగా పోదామంటే ఆ ఇరవై చోట్లూ కండలున్నవాళ్ళు ముందే తన్నుకుని పట్టుకుంటున్నారు. దాక్కుంటే మాత్రం ఈ కొట్టం ఎవరికి తెలీదు?

"ఎక్కడికెల్లమంతావు బావా? అక్కడ ఏటుందని ఎల్లమంతావు?" అన్నాడు.

ధనమ్మ బొడ్డులోంచి చుట్ట తీసింది. "ఏడుపెందుకు తమ్ముడా, నేర్పిత్తాను. పుట్టగానే ఎవలికొచ్చీసింది?" అంది.

పొద్దు గుంకేలోపల కొట్టంలో నేర్పింది. నాలిక కిందికి నొక్కిపెట్టు, పెదవులు తడిచేసుకో, ఊపిరి ముక్కుతో తియ్యి, బూడిద మింగకు అని చెబుతూ తను కాల్చి చూపించింది. మొదటిసారి వాడు చుట్ట ఉమ్మేశాడు. రెండోసారి నాలిక కాలి కొట్టమంతా గెంతాడు. రత్నాలమ్మ నవ్వబోయి ఏడ్చింది. పదోసారికి రెండు దమ్ములు నిలబడ్డాయి. మూడో దమ్ము మాత్రం నిలవలేదు. అప్పన్న గుమ్మంలో నిలబడి చూస్తూ చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

"రెండు సాలు. రెండు దమ్ములు సూసి ఒగ్గీత్తారు," అంది ధనమ్మ. ఆ మాట నమ్మినట్టు అందరూ తల ఊపారు.

తెల్లవారి ముసురు పట్టి ఉంది. లోకనాథం వెనక అప్పన్న కూడా బయల్దేరాడు. ఎందుకు బయల్దేరాడో అడిగితే చెప్పలేడు. ధనమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది గనక నడిచాడు.

చింతతోపులో అప్పటికే ఇరవైమంది పైవాళ్ళను లెక్కపెట్టి ఒక పక్కన కూర్చోబెట్టారు. మిగతావాళ్ళు వరసలో ఒక్కొక్కరే నూకయ్య ముందుకు వస్తున్నారు. చుట్ట ఇస్తున్నాడు, నిప్పు లోపలికి పోగానే పొమ్మంటున్నాడు. మొహం ఎరిగినవాళ్ళను ఊరికే వదిలేస్తున్నాడు. అప్పన్నని చూసి తల ఊపి దాటిపొమ్మన్నాడు. అప్పన్న దాటి, నాలుగడుగులు వేసి, ఆగిపోయాడు.

లోకనాథం వంతు వచ్చింది. ఊరి పేరు అడిగితే, ధనమ్మ చెప్పినట్టే వజ్రపుకొత్తూరన్నాడు. చుట్ట అందుకుని నిప్పు నోట్లో పెట్టుకున్నాడు. ఒక దమ్ము. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండో దమ్ము. నూకయ్య చెయ్యి ఊపి పొమ్మనేవాడే, ఇంతలో వెనకెవడో ఏదో అడిగితే అటు తిరిగాడు. ఆ క్షణంలోనే మునిగింది కొంప. నిన్నటి పుండు మీద మళ్ళీ నిప్పు తగిలి, ఎవరూ చూడ్డం లేదనుకుందో ఏమో ఆ చెయ్యి, చుట్టను బయటికి లాగి తిప్పి, నిప్పు బయటికి పెట్టి మూడో దమ్ము లాగింది.

వరసంతా చూసింది. నూకయ్య ఇటు తిరిగి చూశాడు. చుట్టూ కత్తులున్న చేతులు లేచాయి. నూకయ్య ఎడంచెయ్యి లోకనాథం భుజం మీద పడింది, కుడిచేతిలో కొబ్బరి కత్తి ఉంది. లోకనాథం అప్పన్న వైపు చూశాడు. వాడి చూపు వెంట నూకయ్యా చూశాడు.

"అప్పన్నా, ఈడు నీతో వచ్చినోడేనా?"

అప్పన్న మెడ అప్పుడే కాదని ఊగడానికి సిద్ధమైంది. ఆ మెడకి ఆ పని తెలుసు, ఒకసారి చేసింది. పారిపోవాలనుంది. వీధి చివర పోలీసు కాపలా ఉండాలి అనిపించింది, ఇది పూండి అనీ, ఇక్కడ తనని ఎవరూ తరమడం లేదనీ కాసేపు తెలియలేదు. తెలిశాక భయం ఇంకా ఎక్కువైంది.

"నాతో వచ్చినోడే," అన్నాడు. గొంతు తనకే వినబడలేదు. మళ్ళీ చెప్పాడు. "నాతో వచ్చినోడే. నా ఇంటోడే. పైనుంచి వచ్చినాడు, నిజమే."

నూకయ్య మొహం ముడిపడింది. అప్పన్న ఆగితే ఇక చెప్పలేనని ఆగకుండా చెప్పేశాడు.

"రంగంలో కూడా ఇదే మాటడిగినారు నూకయ్యా. గున్నయ్య బుజం మీద సెయ్యేసి, ఈడు నీతో వచ్చినోడేనా అని నన్నే అడిగినారు. నాను ఎనకబడిపోనేదు. పక్కనే ఉన్నాను. కాదని తలూపీసినాను."

చింతాకుల మీంచి నీటిచుక్కలు పడుతున్నాయి. నూకయ్య చెయ్యి లోకనాథం భుజం మీంచి జారిపోయింది. కత్తి మాత్రం చేతిలోనే ఉంది. దాన్ని చూస్తూ, ఎవరినో కాకుండా ఆ కత్తినే అడుగుతున్నట్టు అడిగాడు.

"ఆడు నిన్ను పిలిసినాడా?"

"పిలిసినాడు. బావా అన్నాడు. ఒక్కసారే."

నూకయ్య తల దించుకున్నాడు. కత్తి ఉన్న తన చేతినే రెండో చేత్తో మణికట్టు దగ్గర బిగించి పట్టుకున్నాడు. ఇరవైమంది పైవాళ్ళు కూర్చున్న చోటనుంచి లేచి నిలబడ్డారు, అటు పోవాలో ఇటు పోవాలో తెలీక. రైతుల మనుషులు ఎప్పుడో తోపు దాటి జారుకున్నారు.

"ఎల్లిపోండి," అన్నాడు నూకయ్య తల ఎత్తకుండానే. "ఇద్దురూ ఎల్లిపోండి. ఈ సెయ్యి నా మాట ఇంటన్నప్పుడే ఎల్లిపోండి."

దారి ఇచ్చారు. తోపు దాటితే ఊరిదాకా బయలు, దాక్కోవడానికి గట్లు తప్ప ఏమీ లేవు. లోకనాథం పరుగందుకోబోతే అప్పన్న వాడి మణికట్టు పట్టుకున్నాడు. పరుగెడితే వెంటపడతారు, నడవమన్నాడు. ఇద్దరూ నడిచారు. పదడుగులు వేశాక వెనక బురదలో అడుగుల చప్పుడు మొదలైంది. ఒక మనిషివో పదిమందివో తెలీదు. అవి దగ్గరికీ రావడం లేదు, ఆగడమూ లేదు. అప్పన్న వీపు మీద కత్తి ఎక్కడ పడుతుందో ఆ చోటు ముందుగానే చురుక్కుమంటోంది. తిరిగి చూస్తే కాళ్ళు ఇక కదలవని తెలుసు, అందుకే చూడలేదు.

లోకనాథం నాలిక పొంగిపోయి మాట సరిగా రావడం లేదు. అయినా పిలిచాడు.

"బావా."

అప్పన్న పట్టు వదల్లేదు.

"ఊఁ. ఇక్కడే ఉన్నాను," అన్నాడు. వెనక అడుగుల చప్పుడు ఇంకా వస్తూనే ఉంది.